చెల్లెలి జాతకంలో లేని గ్రహం

మా చెల్లెలు పుట్టింది మా ఊరు వెల్లిచందైలో, ఇంట్లోనే. గడియారం లేని ఇల్లు మాది. పొద్దున పాలకోడు బస్సు హారను కొట్టిందీ, బిడ్డ ఏడ్చిందీ ఒకేసారని అమ్మ చెప్పింది. ఆ బస్సు టైమే బిడ్డ టైమయిపోయింది. దాన్ని పట్టుకొనే జోస్యుడు జాతకం రాసి, నిండు నూరేళ్ళ బతుకన్నాడు. ఆరో ఏట జ్వరమొచ్చి బిడ్డ పోయింది.

దినాలయినాక నాయిన ఆ జాతకం తీసుకొని పోయి జోస్యుణ్ణి నిలదీసినాడు. ఆ పెద్దమనిషి తడుముకోకుండా, నా లెక్కలో తప్పులేదు, మీ ఇంట్లోవాళ్ళే టైము తప్పు చెప్పినారు, సరైన టైము చెప్పుంటే గండం కనబడుండేది, శాంతి చేయించుకొని ఉందురు అన్నాడంట. ఏం తెలివి! నాయిన ఆ మాటను అట్లే తెచ్చి అమ్మ ముందర పడేసినాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్నుంచి అమ్మకు అదే ధ్యాస. ఆ దినం బస్సు లేటుగా వచ్చిందేమో అని కనబడిన కండక్టరునల్లా అడిగేది. ఏండ్ల కిందటి బస్సు సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొందరు నవ్వేవాళ్ళు. ఒకాయన మాత్రం పాపం, కాసేపు ఆలోచించి, తెలీదమ్మా అన్నాడు. బిడ్డ కోసం ఆమె ఏడవడం గూడ మేం చూడలేదు. తప్పు చేసిన తనకు ఏడ్చే హక్కు లేదనుకుందో ఏమో.

మా చిన్నాయన, అంటే నాయిన తమ్ముడు, జవ్వాదు కొండల్లో ఆకాశాన్ని ఫోటోలు తీసే చోట పనిచేసేవాడు. డెబ్బైల్లో ఒకసారి సెలవు మీద వచ్చి, అక్కడ కొత్తగా ఒక చిన్న గ్రహం కనబడిందని చెప్పినాడు. అమ్మ చింతపండు కొడతా ఉండింది. ఆయన చింతగింజలు నేలమీద పేర్చి, ఇది సూర్యుడు, ఇది కుజుడు, ఇది గురుడు, ఈ ఇద్దరి నడుమ ఇట్లాంటివి వేలకు వేలు తిరుగుతా ఉంటాయి అని చూపించినాడు. ఫోటోలో నక్షత్రాలన్నీ చుక్కలుగా నిలబడితే, కదిలేది కాబట్టి ఇదొక్కటి చిన్న గీతగా పడిందంట. రెండు రాత్రులు దొరికింది, ఇంకొన్ని రాత్రులు దొరికితే దాని దారి లెక్క కట్టొచ్చు, ఒక చుట్టుకి నాలుగైదేండ్లు పట్టొచ్చు అన్నాడు.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "దారి తెలిస్తే, బిడ్డ పుట్టిన దినం అది ఏ రాశిలో ఉండిందో చెప్పగలరా?"

"చెప్పొచ్చు వదినా. వెనక్కి లెక్క కడితే తెలుస్తుంది."

అమ్మ ఆలోచన నాకు అర్థమైంది. జాతకంలో రాయని గ్రహం ఒకటుంటే, బిడ్డను తీసుకుపోయింది అదే. అమ్మ చెప్పిన టైము తప్పు కాదు. అది ఒట్టి రాయి, ఎవర్నీ ఏమీ చెయ్యదని చిన్నాయన నచ్చజెప్పబోయినాడు. ఆమె వింటేనా!

దీపావళి వచ్చే ఆ ఐపసి నెలంతా వాన. మంచి వానని ఊరంతా సంబరపడతా ఉంటే, అమ్మ ఒక్కతే వాకిట్లో నిలబడి కొండల దిక్కు మబ్బును తిట్టేది.

వానలు వెలిసినాక చిన్నాయన వచ్చినాడు. నేను బస్సు దగ్గరికే ఎదురుపోయి సంగతి కనుక్కున్నాను. ఏదో ఒక రాశి పేరు చెప్పు చిన్నాయనా, నీ సొమ్మేం పోతుంది అని బతిమాలినాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు.

ఇంట్లోకొచ్చి అమ్మ ముందర కూర్చోని, "పోగొట్టుకున్నాం వదినా. మబ్బు విడిచేసరికి ఎక్కడికి జరిగిపోయిందో, మళ్ళీ దొరకలేదు" అన్నాడు. తనే చేజార్చినట్టు తల వంచుకున్నాడు.

అమ్మ లేచి లోపలికి పోయింది. మజ్జిగ లోటా తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మబ్బు పడితే నువ్వేం చేస్తావు సామీ? నీ తప్పేముంది ఇందులో?"

ఆ మాట అనేసి, తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఆగిపోయింది. నాయిన పక్కనే కూర్చోని అంతా విన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగి చూసింది, చూస్తానే ఉండింది. నాయిన తుండు దులిపి భుజానేసుకొని, చేన్లో పనుందని లేచి పోయినాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ, బిడ్డను పేరు పెట్టి పిలుస్తా, గట్టిగా.