మరమగ్గానికి మైల

నేతగాళ్ల కొత్తవాడలో, పిల్లలు లేని ఆ ఇంట్లో, పంతొమ్మిది వందల ఎనభైలో మరమగ్గం వచ్చాక దానితో కలిపి తాము ముగ్గురమని రాజలింగు లెక్క. భార్య సరోజన పోయిన పదో రోజు కులపెద్ద గుండయ్య వచ్చి, మైల విడిపించే నీళ్లు అతడి మీద చల్లాడు.

“మగ్గం మీద గూడ చల్లు బావా.”

కులధర్మానికి ఇంతటి సంకటం ఎన్నడూ రాలేదు.

“మిషన్‌కు మైలేందిరా? దానికేమన్న తెలుస్తదా?”

“పోగు తెగితే దానంతట అదే ఆగుతది. తెల్వకుంటె ఎట్ల ఆగుతది?”

“అది లోపలి పుల్ల తగిలి ఆగుడు. బాధుంటే ఏడ్వదా?”

“నేను గూడ ఏడ్వలే కద బావా,” అన్నాడు రాజలింగు, బీడీలు అయిపోయాయని చెప్పినట్టు.

గుండయ్య అతడి పొడికళ్లను కాసేపు చూశాడు. తర్వాత, ఇనుము తుప్పు పడుతుందన్న చింత లేకుండా, మగ్గం మీద చెంబు వంచాడు.