ఓబుళమ్మ నాచుతొట్టిని ఖాళీ చేసిన రోజు

అనంతపురంలో మా మిద్దె మీద పది కోళ్లు పెంచుకుంటున్న రిటైర్డు సైన్సు టీచరును నేను. పేడ నుంచి గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీతో సూక్ష్మనాచు పెంచి, దాన్ని ఎండబెట్టి కోళ్ల దాణాలో కలపవచ్చని చదివాను. తనకల్లు దగ్గర ఓబుళమ్మ అనే రైతు ఆ పని చేస్తోందని తెలిసి జూన్‌లో ఫోన్ చేశాను. "ఎప్పుడైనా రా సార్, తొట్టి చూపిస్తా" అంది. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను. చివరికి ఒక సోమవారం ఫోన్ చేసి గురువారం వస్తానన్నాను. "సరే సార్" అని మాత్రం అంది.

ఉదయం ఆరింటికి కదిరి బస్సెక్కాను. రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు నూట ముప్పై చిల్లర. కదిరి బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిని మదనపల్లె బస్సు పట్టుకుంటే తనకల్లుకు ఇంకో గంట. దారి పొడవునా వేరుశనగ మొలకలు ఆకు ముడుచుకుని ఉన్నాయి. తనకల్లులో ఆటో అడిగితే డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

"పాచి పెంచే ఆయమ్మ ఇంటికా? ఆవుల్ని అమ్మేసినారంట కదన్నా. ఇంగ ఏం చూస్తావు ఆడ?"

నూట యాభై తీసుకుని ఊరి చివర దింపాడు. కొట్టంలో రెండు గుంజలు, వాటికి పలుపులు మాత్రం ఉన్నాయి. ఓబుళమ్మ భర్త రామాంజినేయులు మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టాడు. "బోరు ఎండిపోయి నెలైంది సార్. మేత లేదు. పోయిన వారం సంతకు తోలినాం" అన్నాడు. ఆవులు లేకపోతే పేడ లేదు, పేడ లేకపోతే స్లర్రీ లేదు, స్లర్రీ లేకపోతే నాచుకు తిండి లేదు. ఆయన అవేవీ విడమరిచి చెప్పలేదు.

నీలిరంగు టార్పాలిన్ పరిచిన తొట్టి దగ్గర ఓబుళమ్మ కర్రతో నీళ్లు కలుపుతోంది. చేతిని మోచేతి వరకు ముంచి చూపించింది. "బాగుంటే అరచెయ్యి కనపడగూడదు సార్." ఆమె అరచేయి, గాజులు, అన్నీ కనిపిస్తున్నాయి. నీళ్లు పసుపుపచ్చకు తిరిగాయి.

"సోమవారమే తీసేద్దామంటి నేను" అన్నాడు రామాంజినేయులు. "సార్ వస్తానన్యాడు, చూడకుండా ఎట్ల పోతాడని ఈమె ఒప్పుకోల్యా. ట్యాంకరు నీళ్లలో మూడు దినాలు దీనికి ఒక్కో బిందె పోసింది."

అది వాళ్లు తాగే నీళ్లు. నేను తలెత్తలేకపోయాను. "నాకు చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి కాదమ్మా" అన్నాను.

"ఎవురూ చూడకుండా పోతాదే అని నాకే అనిపించింది సార్" అంది.

పదకొండింటికి ముగ్గురం కలిసి తొట్టి ఖాళీ చేశాం. నేను పాత ధోవతి పట్టుకుంటే వాళ్లు నీళ్లు వడగట్టారు. గుప్పెడు నాచు మిగిలింది. దాన్ని వాళ్ల కోళ్లకు వేసి, నీళ్లను నిమ్మచెట్టుకు పోశారు. టార్పాలిన్ మడుస్తుంటే ఓబుళమ్మ ఒక్కసారి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ మడిచింది. వచ్చేటప్పుడు ముందే తీసిపెట్టిన ఒక సీసా నాచునీళ్లు, చివరగా మిగిలిన ఇంకో సీసా వడగట్టిన స్లర్రీ నా సంచిలో పెట్టింది. "మీ ఊర్లో నీళ్లుండాయి కదా సార్. వానలు పడినాక అడుగుతా, మళ్లా తొట్టి పెట్టేదానికి విత్తనంగా."

మా మిద్దె మీద ఆ నాచు పద్దెనిమిది రోజులు బతికింది. ఎండ ఎక్కువైందో, స్లర్రీ చాలలేదో తెలియదు. ఒక ఉదయం తెల్లగా అడుక్కి దిగిపోయింది. రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేసి చెప్పాను. "పోనీలే సార్, నా చేతుల్లో పోలేదు" అంది.

నలభై ఏళ్లు పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ చెప్పినవాణ్ణి. పేడ, ఎండ, నీళ్లు అని నల్లబల్ల మీద బొమ్మ గీస్తే అందులో ఒక మనిషి మోసుకొచ్చే బిందె కనిపించదు. జూన్‌లోనే వెళ్లి ఉంటే, అరచేయి కనిపించని ఆ నీళ్లను చూసేవాణ్ణి. ఆమె కూడా నవ్వుతూ చూపించేది.

అటువైపు రైతుల దగ్గరికి వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: ఎండాకాలమైనా, వానాకాలమైనా తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి. అడిగితే లేదనరు, అందుకే అడగకండి.