గిరిబాబు చేతికి అమరిన పదహారు గళ్ళు

శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికి ఆర్కెస్ట్రా పెట్టించినవాళ్ళకు గిరిబాబు పేరు తెలియకపోయినా అతని వాయింపు తెలుసు. తిరుమలరావు నడిపే నాగావళి ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి ప్యాడ్ వాయించేవాడు. ప్యాడ్ అంటే రబ్బరు పలకలున్న పెట్టె. కర్రలతో కొడితే ఒక పలకలో డోలు, ఒక పలకలో డప్పు, ఇంకో దానిలో తాళాలు మోగుతాయి. గిరిబాబు ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. వాళ్ళది వరీ, నువ్వులూ పండించే కుటుంబం. అమ్మవారి సంబరాల్లో డోలు వాళ్ళ వెనక నడిచి నడిచి పట్టుకున్న విద్య అది. ఊడుపుల రోజుల్లో పొలంలోనూ, ముహూర్తాల రోజుల్లో వేదిక మీదా కనిపించేవాడు. రెండు చోట్లా సంతోషంగానే ఉండేవాడు.

ఒక మాఘమాసం పెళ్ళి ముగించుకుని వస్తూ ఎచ్చెర్ల దాటాక కంకర మీద బండి జారి పడ్డాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఎముక అతుక్కుంది గానీ నరం కోలుకోలేదు. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ మొద్దుబారిపోయాయి. మిగతా వేళ్ళలో సన్నటి వణుకు మిగిలింది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేది, గ్లాసు నిలిచేది. ప్యాడ్ కర్ర మాత్రం రెండు దెబ్బలకే చేతిలోంచి జారి కింద పడేది. కొన్నాళ్ళు పట్టువదలకుండా ప్రయత్నించాడు. తర్వాత కర్రల జత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

తిరుమలరావు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, లేచేముందు అసలు సంగతి చెప్పాడు. "ముహూర్తాలు మనకోసం ఆగవు కదరా. విజయనగరం నుంచి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. అనూరాధ అని, సంగీత కాలేజీలో మృదంగం సదివింది. నీ సెయ్యి బాగైతే నీ సోటు నీదే."

చెయ్యి బాగవదని ఇద్దరికీ తెలుసు. గిరిబాబు తలూపాడు.

ఆ సంవత్సరమంతా అతను పాట వినబడే దారిన వెళ్ళలేదు. పక్క వీధిలో నాగావళి ఆర్కెస్ట్రా కచేరీ పెడితే పొలం పని కల్పించుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి బాగా వాయించిందని ఎవరైనా అంటే మాట మార్చేవాడు. భార్య రాజకుమారి ఇంట్లోనే కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ పిల్ల వచ్చి నీ సెయ్యి ఇరగ్గొట్టిందేటి? దానిమీద కోపమెందుకు నీకు?"

"కోపం లేదే."

"మరి ఆ పేరెత్తితే మొకం అలగెందుకు పెడతావు?"

అతను పార భుజాన వేసుకుని పొలానికి బయల్దేరాడు. కోపం కాదనీ, దానికి ఏ పేరు పెట్టాలో తనకే తెలియడం లేదనీ చెప్పలేకపోయాడు.

ఆ పేరు గల మనిషే ఒక ఆదివారం పొద్దున బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, భుజాన సంచితో ఉంది. రాజకుమారి ఇచ్చిన మంచినీళ్ళు తాగి ముందుగా తన పేరు చెప్పింది. తర్వాత ఎందుకొచ్చిందో చెప్పింది.

"అన్నా, మీరు వాయించిన పాత కచేరీల వీడియోలు చూశాను. జానపదం పాటల్లో, చరణం అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకునే ముందు ఢోలక్ మోతతో ఒక చిన్న వరస వేస్తారు. ప్రతి ఊళ్ళోనూ అది అడుగుతున్నారు. నాకు రావడం లేదు. నేర్పుతారని వచ్చాను."

గిరిబాబు కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. "దీంతో ఏటి నేర్పమంటావమ్మా?"

"కర్రలొద్దు. ఉత్త వేళ్ళతో చూపించండి."

అతను ఎదురుగా ఉన్న చెక్క స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఎడమ చేతి అయిదు వేళ్ళూ, కుడి చేతి బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ దానిమీద నడిచాయి. చప్పుడు చాలా సన్నగా వచ్చింది. అయినా ఆ వరస ఒక్క అక్షరం పోకుండా ఉంది. అనూరాధ మళ్ళీ వాయించమంది, స్టూలు మీదికి చెవి వంచి వింది.

"మీ చేతిలో బలం లేదు గానీ లెక్క ఎక్కడికీ పోలేదు," అంది. "నా దగ్గర ఒక వస్తువుంది. పైవారం తెస్తాను."

ఆమె వెళ్ళాక అతను ఆ స్టూలు మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

పైవారం ఆమె సంచిలోంచి పలక సైజులో ఉన్న నల్లటి పెట్టె తీసింది. దానిమీద పదహారు మెత్తని రబ్బరు గళ్ళున్నాయి. వాటిని వేళ్ళతో వాయించాలి. చదువుకునే రోజుల్లో అభ్యాసానికి కొనుక్కున్నదట, వాడక బీరువాలో పడుందట. దానికి సొంతంగా శబ్దం లేదు. వైరుతో లాప్‌టాప్‌కి తగిలిస్తే ఏ గడి మీద ఎంత దెబ్బ పడిందో అది కబురు పంపుతుంది, లాప్‌టాప్ మోగుతుంది. ఇలాంటిదాన్ని కంట్రోలర్ అంటారని చెప్పి, గిరిబాబును వాయించమంది.

వాయించాడు. ఎడమ చేతి దెబ్బలు బాగానే మోగాయి. కుడి చేతివి పక్కింట్లో ఎవరో తలుపు తట్టినట్టు వినబడ్డాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సూసావు కదా," అన్నాడు.

"ఇప్పుడే ఏం చూశాను? ఈ పెట్టెతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎవరి చేతికి ఎలా పలకాలో దీనికి అందులో చెప్పుకోవచ్చు."

లాప్‌టాప్ తెర మీద పెట్టె బొమ్మ వచ్చింది. అవే పదహారు గళ్ళు. ఒక గడి మీద నొక్కితే దాని సంగతులన్నీ పక్కన తెరుచుకున్నాయి. ఏ శబ్దం పలకాలి, ఎంత మెల్లగా తాకితే దెబ్బగా లెక్క, ఎంత బలానికి ఎంత మోత. ఆ చివరిది ఒక గీత రూపంలో ఉంది, కింది మూల నుంచి పై మూలకు ఎక్కుతూ. అనూరాధ అన్నీ మార్చేసి వాయించమంది. ఏమీ మారలేదు. ఆమె వైరు తీసి పెట్టింది, లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఆఖరికి నాలిక కరుచుకుని నవ్వింది. తెర మీద మార్చింది గానీ, మార్చినదాన్ని పెట్టెలోకి పంపే మీట నొక్కడం మర్చిపోయింది.

అది నొక్కాక గిరిబాబు కుడి చూపుడువేలితో ఒక గడిని తాకాడు. డోలు ధమ్మని మోగింది. వాకిట్లో కుట్టుమిషను ఆగిపోయింది. రాజకుమారి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

అయితే గిరిబాబు మొహంలో వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఆ వరస మొత్తం రెండుసార్లు వాయించి ఆపేశాడు. "తల్లీ, ఏటనుకోకు. ఇది గడియారం కొట్టినట్టున్నాది. మెల్లగా తాకినా గట్టిగా తాకినా ఒకటే మోత. అలగైతే వాయించడానికి మనిషెందుకు?"

అనూరాధ చిన్నబుచ్చుకోలేదు. నిజమేనంది. తేలికగా అయిపోతుందని ప్రతి దెబ్బా నిండుగా పలికేలా పెట్టానంది. ఆ గీతను మొదట నిటారుగా లేపి, తర్వాత నెమ్మదిగా ఎక్కేలా వంచింది. అతని చేతిలో ఉన్న కొద్దిపాటి బలంలోనే మెత్తనిదీ, నడిమిదీ, గట్టిదీ మూడూ ఇమడాలి. గీత కొంచెం వంచడం, పెట్టెలోకి పంపడం, అతను వాయించడం, ఇద్దరూ వినడం. మధ్యాహ్నం దాకా అదే పని. ఆమె బస్సుకి టైమయ్యేసరికి ఢోలక్ ఒక్కటి కుదిరింది.

తర్వాత చాలా ఆదివారాలు ఇలాగే గడిచాయి. కొత్త చిక్కులొచ్చాయి. వేళ్ళ వణుకు వల్ల ఒక దెబ్బ రెండుగా పలికేది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంత ఎడం లేకపోతే లెక్కలోకి తీసుకోవద్దని పెట్టెకు చెప్పారు. వణుకు దెబ్బ పోయింది గానీ, ఎడమ చేతి జోరు దెబ్బలను కూడా పెట్టె మింగేయడం మొదలెట్టింది. చివరికి కుడివైపు గళ్ళకు ఒక కొలత, ఎడమవైపు గళ్ళకు ఒక కొలత ఇచ్చారు. బరువైన డోలు మోతను ఎడమ చేతి కిందికి మార్చారు. మొద్దుబారిన రెండు వేళ్ళూ ఎక్కడ వాలి ఆనుకుంటాయో చూసి, ఆ గళ్ళను పూర్తిగా మూగవి చేశారు. ఎప్పుడో ఒక ఆదివారం ఆ అమ్మాయి "మీరు" అనడం మానేసి "నువ్వు" అనడం మొదలుపెట్టింది. ఆమె వచ్చే రోజని రాజకుమారి వంకాయ పచ్చిపులుసు చేసేది.

ఒకసారి గిరిబాబు అడిగాడు. "నీ సోటు కోసమే ఒకడిని తయారు సేత్తన్నావు. బయమెయ్యదా?"

"నీకొచ్చింది నాకు రాదన్నా. నాకొచ్చింది నీకు రాదు. రెండూ ఉంటే ఎంత బాగుంటుందో విందామని," అంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

గిరిబాబును కూడా వేదిక ఎక్కిద్దామని అనూరాధ అంటే తిరుమలరావు మొదట ఒప్పుకోలేదు. వేదిక మీద ఇద్దరెందుకన్నాడు. అనూరాధ వాదించకుండా, రిహార్సల్‌కి గిరిబాబును వెంటబెట్టుకుని వెళ్ళింది. తను కర్రలతో పెద్ద ప్యాడ్ దగ్గర నిలబడింది. అతను పక్కన కుర్చీలో, లాప్‌టాప్‌కి తగిలించిన పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జానపదం ఎత్తుకున్నారు. పల్లవికి ముందు ఆ వరస రాగానే పాడుతున్న తిరుమలరావు పల్లవి ఎత్తుకోవడం మర్చిపోయాడు. పాట ఆపి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "రామతీర్థంలో పెళ్ళి ఒప్పుకున్నాను. తెల్లచొక్కా ఉన్నాది కదరా నీకు?" అని అడిగాడు.

రామతీర్థం పెళ్ళిలో గిరిబాబు మళ్ళీ వేదిక ఎక్కాడు. కొన్నిచోట్ల తడబడ్డాడు కూడా. అక్కడి జనం అతని చేతివైపు చూడలేదు, లేచి గెంతారు. అప్పటినుంచి నాగావళి ఆర్కెస్ట్రాలో ఇద్దరు ప్యాడ్ వాయించేవాళ్ళు ఉన్నారు.

అనూరాధకు ఏదైనా ఇవ్వాలని గిరిబాబు చాలా అనుకున్నాడు. కృతజ్ఞతలు చెప్పబోతే ఆమె చెయ్యి ఊపి వేరే మాట ఎత్తేది. వాళ్ళ నాన్న సంగతి మాత్రం ఒకటి రెండుసార్లు ఆమె నోట వచ్చింది. ఆ తండ్రి నగరేశ్వరరావుకి విజయనగరంలో బట్టల కొట్టు. మృదంగం చదివించిన మనిషే గానీ, కూతురు పెళ్ళిళ్ళలో ప్యాడ్ కొట్టడం ఆయనకు నామోషీ. ఎవరైనా అడిగితే అమ్మాయి ఇంట్లో పిల్లలకు సంగీతం చెబుతోందని అంటాడట. ఏ కచేరీకీ రాలేదు.

గిరిబాబు రాజకుమారితో చెప్పాడు. "ఆయనకి తెల్దు. సెప్పినోళ్ళు లేరు. నాను ఎల్లి సెప్తాను."

"ఎల్లు. ఉత్తచేతుల్తో ఎల్లకు," అంటూ ఆమె పుట్టింటి నుంచి వచ్చిన పలాస జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది.

బేరాలు లేని వేళ చూసుకుని కొట్టులోకి వెళ్ళాడు. నగరేశ్వరరావు చీర కోసం వచ్చాడనుకుని కూర్చోమన్నాడు. గిరిబాబు తనెవరో చెప్పి, చెయ్యి విరిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. సగం చెప్పాక మాటలు చాలవనిపించింది. సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. నగరేశ్వరరావు ఒక గడి నొక్కి చూశాడు.

"మోగదేం?"

"లాప్‌టాప్‌కి తగిలిస్తే మోగుతాదండి."

"మరి ఇందులో మా అమ్మాయి చేసిందేమిటి?"

"ఈ పెట్టెలు అందరి సేతికీ ఒకేలా వస్తాయండి. నా సెయ్యి అందర్లాటిది కాదు. మీ అమ్మాయి వారం వారం వచ్చి, నా పక్కన కూకొని, నా సేతికి ఏది ఎంతవుతాదో సూసి సూసి ఇందులో పెట్టింది. నాను ఇంకెప్పుడూ వాయించననుకున్నానండి. మా ఇంటిది కూడా అలాగే అనుకున్నాది." అతను పెట్టెను తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. "ఆ పిల్ల నాకు దండం పెట్టనివ్వదు. అందుకని మీకు పెడదామని వచ్చానండి."

పెట్టడానికి చేతులెత్తాడు. నగరేశ్వరరావు బల్ల దాటి వచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు. వణుకుతున్న కుడి చెయ్యిని కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు. కాఫీ తెప్పించాడు. గిరిబాబు లేచేటప్పుడు మాత్రం, "ఆదివారాలు మృదంగం ట్యూషన్ అని చెప్పి వెళ్ళేది," అన్నాడు మెల్లగా.

ఫాల్గుణంలో శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపంలో కచేరీ జరిగింది. మూడో పాటలో అనూరాధ కర్ర ఒక దెబ్బ తప్పింది. గిరిబాబు ఆ ఖాళీలో ఢోలక్ దెబ్బ వేసేసి తలెత్తి చూశాడు. ఆమె చూస్తున్న వైపు, వెనక వరస కుర్చీల్లో నగరేశ్వరరావు ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పక్కనే రాజకుమారి ఆయనకు ఏదో వివరిస్తోంది.

భోజనాల దగ్గర ఆయన ఆర్కెస్ట్రా వాళ్ళ పంక్తిలోనే కూతురి పక్కన కూర్చున్నాడు.

"మూడో పాటలో ఏదో తప్పినట్టుంది," అన్నాడు.

"తప్పింది నాన్నా. మిమ్మల్ని చూసి."

"ఎవరూ కనిపెట్టలేదే."

ఆమె ఎదుటి విస్తరి వైపు చూపించింది. గిరిబాబు తల వంచుకుని, మూడు వేళ్ళతో పనసకాయ కూర కలుపుకుంటున్నాడు. నగరేశ్వరరావు వడ్డించేవాడిని పిలిచి, అతని విస్తట్లో ఇంకొంచెం కూర వేయించాడు.