ముక్కిపోయిన గోనె వాసన

నాకు ముక్కు మీదే కోపమని మా వీధిలో పేరు. నిజమే, కోపిష్టినే. కానీ ఇన్నేళ్లుగా నా ముక్కు మీద కూర్చున్నది కోపం కాదు, అబద్ధం. కళ్లజోడు బరువుకే ఎర్రబడే ఈ ముక్కు దాన్ని ఎలా మోసిందో నాకే తెలియదు. మీరెవరో కూడా నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకి చెప్పలేకే మీకు చెబుతున్నాను.

నాకు వాసన తెలియదు.

ఇంకొకరికైతే ఇది జబ్బు. నాకు మాత్రం దొంగతనం. ఎందుకంటే నేను బతికేది ముక్కుతో. గాజువాకలో ఒక మేడమీద, హోటల్ ఉద్యోగాలకి తర్ఫీదు ఇచ్చే చోట, వైన్లూ విస్కీల గురించి పాఠం చెబుతాను. ఏ ద్రాక్ష, ఏ దేశం, ఏ చెక్క పీపాలో నిలవ ఉంది, వాసన చూసి ఎలా పోల్చాలి, అదంతా. చివర్లో రుచి పరీక్ష పెడతాను. నేను సరే అంటేనే పిల్లలు పైవాళ్లు పెట్టే విదేశీ సర్టిఫికెట్ పరీక్షకి వెళ్తారు. పెద్ద ఓడల్లో, గోవా హోటళ్లలో ఆ కాగితం లేనిదే గుమ్మం ఎక్కనివ్వరు.

ఆ కాగితం నాకు లేదు. బీచ్ రోడ్డు హోటల్లో గ్లాసులు కడగడానికి చేరినవాణ్ని. అడుగున మిగిలిన చుక్కల్ని కడిగేముందు వాసన చూసేవాణ్ని. సీసాల మీది లేబుళ్లు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. తర్వాత కౌంటర్ వెనక నిలబడ్డాను. పోర్టుకొచ్చిన కెప్టెన్లు నా కళ్లకి రుమాలు కట్టి గ్లాసు అందించేవారు, నేను సీసా పేరు చెప్పగానే బల్ల గుద్దేవారు. అయినా ఏం లాభం? టై కట్టుకున్న కుర్రాళ్లు సర్టిఫికెట్లు చూపించి నా నెత్తిన మేనేజర్లయ్యారు. ఆ మంట ఇంకా ఆరలేదు. కాగితమున్నవాడికి ముక్కు లేకపోయినా నడిచిపోతుంది. నాకు ముక్కే కాగితం.

అదే పోయింది. ఊరంతా వచ్చిన ఆ జ్వరమే నాకూ వచ్చింది. తగ్గాక మా ఇంట్లో అందరికీ వాసన తిరిగొచ్చింది, నాకు రాలేదు. ఒకరోజు వంటింట్లో చేపల పులుసు మాడిపోతుంటే పక్కగదిలో పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వార్తల్లో పడి గమనించలేదన్నాను. ఆరోజు నుంచి ఆవిడ ఏం వండినా, ఎలా ఉందని అడిగితే, ఘుమఘుమలాడుతోందంటాను.

క్లాసు మానలేదు. గ్లాసు తిప్పడం, కళ్లు మూసుకోవడం, కాసేపు ఆగడం, ఇవన్నీ ఒంటికి అలవాటైనవే. సీసా మీద పేరు చదివితే చాలు, అందులో ఏ వాసన రావాలో నోటికొచ్చు. ఇది మోసమా? తెలిసినది గుర్తుంచుకుని చెప్పడం మోసమెలా అవుతుందని నన్ను నేనే దబాయించుకునేవాణ్ని. నూకరత్నం వచ్చేదాకా.

నూకరత్నం ఫిషింగ్ హార్బర్ పిల్ల. తెల్లారకముందే తల్లితో వేలంపాటకి వెళ్లి, చేపల మీద ఐసు పోసి, తడిగోనెలు కప్పి, ఇంటికెళ్లి తలంటుకుని, బస్సులు మారి క్లాసుకి వచ్చేది. ఓడలో ఉద్యోగానికి మాట ఖాయమైపోయింది. ఈ పరీక్ష గట్టెక్కి ఆ కాగితం చేతికొస్తే చాలు.

రుచి పరీక్ష రోజున అందరికీ ఒకే సీసాలోంచి ఎర్ర వైన్ పోశాను. తక్కినవాళ్లు నేను నేర్పిన మాటలే అప్పజెప్పారు. నూకరత్నం వాసన చూసింది. మళ్లీ చూసింది. గ్లాసు కింద పెట్టి లేచింది.

"మాస్టారూ, ఈ సీసా బాగోనేదండి. ముక్కిపోయిన గోనె వాసనొత్తంది."

బిరడాకి బూజు పట్టి వైన్ చెడితే తడి అట్టముక్క వాసన వేస్తుందని చెప్పినవాణ్ని నేనే. ఆ పిల్ల అట్టముక్క అనలేదు, తనకి తెలిసిన గోనె అంది. సీసా చెడిందని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అదే నా తప్పులో అసలు తప్పు. ఆ తర్వాత నేనన్నది అర్థం కాక అన్న మాట కాదు.

"సీసా బంగారంలాగుందే. హార్బర్ నుంచి తిన్నగా వచ్చినావేటి? ఆ గోనె నీ సేతిలోది. పో, కడుక్కుని రా," అన్నాను, ఆ పిల్ల యాసలోనే.

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవడో, "రత్నం, ఐసు కూడా తెచ్చినావేటే, గ్లాసుల్లోకి పనికొత్తాది!" అన్నాడు.

"కడుక్కునే వచ్చినానండి," అంది. "మీరోసారి సూడండి మాస్టారూ."

చూశాను. గ్లాసు తిప్పాను. కళ్లు మూసుకున్నాను. "నల్లద్రాక్ష, వెనకాల కాస్త లవంగం," అన్నాను. అందరూ రాసుకున్నారు. నూకరత్నం రాయలేదు. తన రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. తర్వాత నిజంగానే బయటికి వెళ్లి కడుక్కుని వచ్చింది.

అందరూ వెళ్లిపోయాక, నాతోపాటు పాఠాలు చెప్పే అమ్మాయి మిగిలిన వైన్ నోట్లో పోసుకుని సింకులో ఉమ్మేసింది. "ఇది పాడైపోయింది సార్. పిల్లలకి పొయ్యలేదు కదా?"

"లేదమ్మా. పారబొయ్యడానికే పక్కన పెట్టాను."

అప్పుడైనా నూకరత్నాన్ని వెనక్కి పిలవచ్చు. పిలవలేదు. పై పరీక్షకి పనికిరాదని చెప్పేశాను. ఆ ఓడ ఆ పిల్ల లేకుండానే వెళ్లిపోయింది.

తర్వాత ఎందుకు చెప్పలేదు? నేను సరే అన్న పిల్లలు ఎంతోమంది ఉద్యోగాల్లో ఉన్నారు, నా సంగతి బయటపడితే వాళ్లనీ అనుమానిస్తారని సర్దిచెప్పుకున్నాను. వాళ్ల కోసమేనా? కాదు. మాస్టారూ అనే ఆ పిలుపు కోసం. అది పోతే నేను మళ్లీ గ్లాసులు కడిగేవాణ్నే. నా కాగితం చెల్లనిదయ్యాక కూడా దాన్నే చూపించుకు బతికాను. ఏ టై కుర్రాళ్లని తిట్టుకున్నానో వాళ్లలోనే ఒకణ్నయ్యాను.

మొన్న మా ఆవిడ చేపలు తెమ్మంటే మా వీధి బజారు దాటుకుని హార్బర్‌దాకా వెళ్లాను. ఎందుకెళ్లానో మీకు చెప్పక్కర్లేదు. నూకరత్నం కత్తిపీట ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"ఏటి మాస్టారూ, దారి తప్పినారా? ముక్కున్న మారాజులు, మీరే సెప్పండి, ఇది తాజాదా కాదా?"

ఐసు తడితో ఉన్న వంజరం ముక్క చేతిలో పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. కాసేపు ఆగాను కూడా.

"తాజాదే."

నూకరత్నం నవ్వు ఆగిపోయింది. ఆ ముక్క వెనక్కి తీసుకుంది.

"కుళ్లిపోయిందండి. పీతలకి ఎరెయ్యడానికి పక్కనెట్టినాం."

నా ముక్కువైపు చూసింది. తర్వాత తన అరచెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, ఆరోజులాగే వాసన చూసుకుంది. ఇంకో ముక్క కోసి పొట్లం కట్టి ఇచ్చింది. "ఇది తాజాదండి. నమ్మండి."

చెప్పడానికి నోరు తెరిచాను. "ఎంతమ్మా?" అని వచ్చింది.

అక్కడ రాని మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్ల చేతులకి ఏ వాసనా లేదు. సీసాయే చెడింది. నాకు ఏ వాసనా తెలియలేదు, తెలిసినట్టు నటించాను. ఇది చదివి మీరు నన్ను క్షమించక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. రేపు కొత్త బ్యాచ్‌కి మొదటి సీసా తెరవాలి. తెరిచి ఏం చెబుతానో ఇంకా తెలియదు.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఊపిరి మాత్రమే.