బరిమా డాక్టరు ఇచ్చిన మంచినీళ్ళు

డెబ్భై ఒకటో ఏట సొంత ఊరు కుమాసీకి తిరిగొచ్చిన డాక్టర్ యావ్ బరిమాకు జీతం అక్కర్లేదు, బంగళా అక్కర్లేదు. వైద్య విద్యార్థులకు పాఠం చెప్పుకోవడానికి ఒక వార్డు దొరికితే చాలు. వయసులో ఉండగా ఆ ఆసుపత్రిలోనే చెప్పేవాడు. కరువు రోజుల్లో ఇంగ్లండు వెళ్ళి, ముప్పై అయిదేళ్ళు అక్కడి రోగులను చూసి, చివరికి ఎవరికీ పనికిరాని పింఛనుదారుగా మిగిలాడు. ఖాళీగా కూర్చోవడాన్ని మించిన జబ్బు లేదని ఆయన నమ్మకం. ఈ వార్డూ పోతే ఇక వెళ్ళడానికి చోటు లేదు.

వార్డు సిస్టర్ పొకువాది. ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డుకు పెద్ద నర్సు. ప్రొఫెసర్లు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గిస్తారు.

విద్యార్థులు బరిమాను మావయ్యా అనేవారు. వంశం తల్లివైపునే నడిచే అక్కడి అసాంటే జాతివాళ్ళకు మేనమామను మించిన పెద్దదిక్కు లేదు. పిల్లలు కాగితం పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడి "ఏమిటమ్మా బాధ?" అనడం, రోగి మర్యాదగా "బాగానే ఉన్నానయ్యా" అనడం మావయ్య చూశాడు. అలా మూడు రోజులైనా జబ్బు బయటపడేది కాదు.

ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఎందుకొచ్చావని అడుగుతారా అని కోప్పడి, ఆయన పీట లాక్కుని కూర్చునేవాడు. ఊరు, పిల్లలు, పెండలం ధర అన్నీ అయ్యాక, కుడిచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందించి అనేవాడు: "మేమిక్కడ చల్లగానే ఉన్నాం తల్లీ. దారినపడి వచ్చింది నువ్వు. నువ్వే చెప్పాలి."

అప్పుడు చెప్పేవాళ్ళు, మొగుడి దగ్గర దాచినవి కూడా. వచ్చిన చుట్టానికి ఎడారిలో ఖర్జూరాలు, కొండల్లో టీ, గోదావరి ఒడ్డున కాళ్ళకు నీళ్ళు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, గొంతు తడవకుండా గుండె విప్పే మనిషి మాత్రం తగలడు.

ఒక గురువారం ఉదయం మూల మంచం మీద సెర్వా అనే పెండలాల వ్యాపారి ఉంది. కడుపులో గడ్డకు మరో అరగంటలో ఆపరేషన్. నోటికి ఏమీ ఇవ్వకూడదని రాసిన పలక మంచానికి వేలాడుతోంది. డాక్టరు వీపు దానివైపు ఉంది. అలవాటుగా కబుర్లాడి గ్లాసు అందించాడు. తాగకూడదని సెర్వాకు తెలుసు. అయినా తల నెరిసిన పెద్దమనిషి ఇచ్చిన నీళ్ళను తోసెయ్యమని ఏ తల్లి నేర్పుతుంది? గడగడా తాగేసింది.

కడుపులో నీళ్ళుండగా మత్తు ఇవ్వరు. ఆపరేషన్ మళ్ళీ గురువారానికి వాయిదా పడింది. ఇంగ్లండులో ఒక్కసారి కూడా చెయ్యని తప్పు, సొంత ఊళ్ళో చేశాడు. సిస్టర్ పొకువా కేకలు వెయ్యకపోవడం చూసి అందరూ మరింత భయపడ్డారు.

"ఇంటికి వెళ్ళండి డాక్టర్‌గారూ" అంది. "రేపు కూడా రానక్కర్లేదు."

ఆయన వెళ్ళలేదు. ఇలాంటి తప్పుకు అక్కడ ఎవరూ నేరుగా క్షమాపణ అడగరు, మాట మరొకరి నోట వెళ్ళాలి. అచియా అనే విద్యార్థినిని బతిమాలుకున్నాడు. గడుసు పిల్ల. సిస్టర్‌ను కూడా పిలిచి సెర్వా మంచం పక్కన నిలబెట్టి, మావయ్య గొణిగిందానికి నగిషీ పెట్టి వినిపించింది.

"తప్పయిందంటున్నాడు మావయ్య. పాఠం చెప్పే సంబరంలో కళ్ళు జేబులో పెట్టుకున్నాడట. మీ ఇద్దరి కాళ్ళూ పట్టుకుంటానంటున్నాడు. జేబు మాట నాదే అనుకోండి."

సెర్వా కూడా అచియాకే చెప్పింది. "మీ మావయ్యతో చెప్పమ్మా. ఈ వారమంతా కొట్టు మా చెల్లెలు చూడాలి. దానికి పుచ్చు పెండలానికీ మంచిదానికీ తేడా తెలీదు. ఆ పాపం ఆయనదే. కానీ తాగింది నేను. వద్దనడానికి నాకు నోరు లేదా?"

తప్పులో సగం రోగే పంచుకున్నాక శిక్ష మొత్తం ఒకరికే వెయ్యడం కష్టం. సిస్టర్ తనూ అచియావైపే తిరిగింది.

"నన్నడక్కుండా ఈ వార్డులో చీమకైనా నీళ్ళు పొయ్యకూడదు. ఒప్పుకుంటాడేమో కనుక్కో."

"ఒప్పుకున్నాను, ఒప్పుకున్నాను" అన్నాడు డాక్టరు, అచియా నోరు తెరవకముందే.

మధ్యవర్తి ఉండగా నేరుగా మాట్లాడడం మర్యాద కాదు. అచియా కళ్ళు పెద్దవి చేసింది. ఇన్నేళ్ళొచ్చినా ఈయనకింత తొందరేమిటని సెర్వా దుప్పటిలోంచే గొణిగింది. సిస్టర్ నవ్వాపుకుని, సోమవారం ఏడింటికల్లా రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.