నాన్న మంచం దగ్గర విక్టోరియా సిస్టర్

విక్టోరియా సిస్టర్ గురించి నెమ్మదిగా చెప్పమంటే నా వల్ల కాదు. ఆవిడ పేరు తలుచుకుంటే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ మీద కాదు, ఆవిడ పనిచేసే ఆసుపత్రి మీద.

మా నాన్న దేవసహాయం కైకలూరులో చేపల లారీలకు ఐసు నింపించే పని చేసేవాడు. పక్షవాతంతో కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. గొంతు కూడా మొరాయించింది. మింగుడు పడక ముక్కులోంచి గొట్టం వేశారు. ఇలాంటివాళ్లని మళ్లీ లేపి కూర్చోబెట్టే ఆసుపత్రి ఏలూరులో ఉందంటే అక్కడ చేర్చాం. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి మంచం పక్కన కూర్చున్నాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక పెద్ద ఫొటో ఉంటుంది. స్టాఫంతా పిక్నిక్‌కి వెళ్లి, ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర పసుపు టీషర్టులు వేసుకుని నవ్వుతుంటారు. కింద 'మనమంతా ఒకే జట్టు' అని రాసుంది. ఆ రోజు తాడు లాగే పోటీ కూడా పెట్టారట. ఎవరికీ ఎవరికీ అనుకున్నారు? నర్సులకీ ఫిజియోలకీ! జట్టు కట్టించడానికి తీసుకెళ్లి తాడు చెరో కొసా చేతికిచ్చారు. ఆ తెలివికి దండం పెట్టాలి.

నాన్న మంచం దగ్గరా అదే వరస. పొద్దున్నే నర్సులు గొట్టంలోంచి కడుపు నిండా పాలు పోసేవాళ్లు. అవి అరిగీ అరక్కుండానే ఫిజియో గోపీనాథ్ వచ్చి, నిలబెట్టి, నడిపించి, చెమటలు కక్కించేవాడు. అతను వెళ్లగానే, మింగడం నేర్పే థెరపిస్టు ఇందుజ స్పూను పట్టుకుని వచ్చేది. కడుపు నిండి, ఒళ్లు హూనమైన మనిషి నోరు తెరుస్తాడా? కళ్లు మూసుకునేవాడు. "పేషెంటు కోఆపరేట్ చెయ్యట్లేదండి," అనేసి ఆ అమ్మాయి వెళ్లిపోయేది. ఎవరి పని వాళ్లు శుభ్రంగా చేశారు. ఫెయిలయింది మా నాన్న ఒక్కడే!

చివరికి పెద్ద డాక్టరు కోదండరామయ్య గారు తేల్చేశారు. ఇక నోటితో తినడం కష్టం, శుక్రవారం కడుపుకి చిల్లు పెట్టి గొట్టం వేద్దాం అన్నారు. నాన్న ఎడమ చేత్తో నా కొంగు పట్టుకున్నాడు. మాట రాదు, తల మాత్రం అడ్డంగా ఊపుతున్నాడు. వద్దంటున్నాడని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

సెలవు ముగించుకుని విక్టోరియా సిస్టర్ ఆ బుధవారమే డ్యూటీకి వచ్చింది. వార్డుకి హెడ్ నర్సు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చి పోతుంది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో చదివించుకుంది. నోరు పెద్దది. రైల్లో సీటు మీద సంచి పెట్టి ఆపేవాళ్ల దగ్గర్నుంచి ఆసుపత్రి మేనేజరు భాస్కరరావు దాకా ఆవిడ చేత చీవాట్లు తిననివాళ్లు లేరు.

"ఏమ్మా ప్రసన్నకుమారీ, మీ నాన్నగారికి పొద్దుట్నుంచీ ఏమేం చేస్తారు?" అని అడిగింది. నా కడుపులో మంటంతా కక్కేశాను. విని, నుదురు కొట్టుకుంది.

"ముందు మా మొహాన పెట్టాలమ్మా చీపురు. పాలు పోసేది మేమేగా!"

వెంటనే వరండాలోకి వెళ్లి కేకేసింది. "గోపీనాథ్ గారూ! ఇందుజ గారూ! ఓసారి ఇలా రండి. ఇద్దరూ ఒకేసారి రండి!"

గొణుక్కుంటూ వచ్చారు. "నా టైము పన్నెండింటికండి," అంది ఇందుజ. "మింగడం మా సబ్జెక్టు కాదండి," అన్నాడు గోపీనాథ్.

"మీ టైములు, మీ సబ్జెక్టులు గోడకి తగిలించుకోండి. ఆకలిమీదున్న మనిషిని, అలసిపోకముందు, నిటారుగా కూర్చోబెట్టి ఎప్పుడైనా తినిపించి చూశారా? రేపు నేను పాలు ఆపుతాను. మీరు కూర్చోబెట్టండి. ఆవిడ తినిపిస్తారు. తర్వాత కావాలంటే కొట్టుకు చద్దాం."

గురువారం పొద్దున్న గోపీనాథ్ దిండ్లు పెట్టి నాన్నని కూర్చోబెట్టి, వాలిపోయే భుజాన్ని పట్టుకున్నాడు. ఇందుజ నాన్న గడ్డాన్ని కిందికి వంచి, చిక్కటి రాగిజావ స్పూనుతో పెట్టింది. గొంతుకి అడ్డం పడితే లాగేసే మెషీను పక్కన పెట్టుకుని సిస్టర్ నిలబడింది. మొదటి స్పూను బయటికొచ్చేసింది. "నడుం జారిందండి, ఉండండి," అని గోపీనాథ్ సర్ది కూర్చోబెట్టాడు. రెండో స్పూను పెట్టారు. గొంతు కదిలింది.

"దిగిందండీ! దిగింది!" అని ఇందుజ అరిచింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కొంత, కోపం బోలెడు. ఇన్నాళ్లూ ఈ మూడు పనులవాళ్లూ ఒక్క కప్పు కిందే ఉన్నారు కదా!

కోదండరామయ్య గారు వచ్చి చూసి ఆపరేషన్ ఆపేశారు. మర్నాడు పొద్దున్నే మేనేజరు మాత్రం, డాక్టరు చెప్పకుండా పాలు ఆపినందుకు విక్టోరియా సిస్టర్‌కి మెమో ఇచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి పని పడదామని వెళ్లేసరికి వాడి గదిలో అప్పటికే ఇద్దరున్నారు.

"మా మెమోలు ఏవండీ?" అంటున్నాడు గోపీనాథ్.

"మీకెందుకండీ? అది నర్సింగ్ డిపార్ట్‌మెంట్ తప్పు," అన్నాడు భాస్కరరావు.

"ఏ డిపార్ట్‌మెంటండీ?" గోపీనాథ్ బల్ల మీద చరిచాడు. "ఆవిడ ఆపితే కూర్చోబెట్టింది నేను. తినిపించింది ఈవిడ. తప్పయితే ముగ్గురిదీ. రాయండి!"

"నా పేరు ముందు రాయండి," అంది ఇందుజ. బల్ల మీది పెన్ను తీసి అతని చేతికిచ్చింది.

ఆ మహానుభావుడు మెమో వెనక్కి తీసుకున్నాడనుకుంటున్నారా? ఇంకో రెండు రాసిచ్చాడు. ముగ్గురూ సంతకాలు పెట్టి తీసుకుని, తిన్నగా మా మంచం దగ్గరికి వచ్చారు. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తామన్న వేళకి మా నాన్న మెత్తగా మెదిపిన పెరుగన్నం తింటున్నాడు.