రెప్ప లాగి చూసే మా అత్త

దూలపల్లిలో డ్యూటీ మీద ఉండగా మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చింది. శామీర్‌పేటలో తన ఇంట్లో పొద్దున టీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నదట, మళ్లీ లేవలేదట. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు భయం పట్టుకుంది.

మేడ్చల్ దగ్గర సర్కారు బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండేది. ఆ అన్నం తిన్నవాళ్లు మీలో ఉంటే గుర్తుపడతారు. పళ్లెం పట్టుకుని వచ్చిన ప్రతి పిల్ల కంటి కింది రెప్ప లాగి, ఎరుపు చూసి గానీ వడ్డించేది కాదు. మేమంతా నవ్వేవాళ్లం. పాలిపోయిన పిల్ల కనిపిస్తే తల్లిని పిలిపించి రక్తపరీక్షకు తరిమేది. కాగితం చూస్తే సగం పరేషాన్ పోతుందనేది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. మేనబావనే చేసుకున్న అత్తకు మొదట పుట్టిన ఆడపిల్లకు ఒంట్లో రక్తం పట్టేది కాదు. డాక్టర్ తలసేమియా అన్నాడు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూ ఎనిమిదేళ్లు కాపాడుకున్నారు. తరువాత ఆ అవసరం లేకపోయింది, పిల్లే లేదు.

"రక్తం గుణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తది అల్లుడా," అని ఒకసారి నాతో అన్నది. "నాకు ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మీ మామకు గూడ గంతే. మంచిది మమ్మల్ని బతికించింది, చెడ్డదాన్ని దాసిపెట్టింది. పిల్లకు రెండూ చెడ్డయే వచ్చినయ్."

తరువాత పుట్టిన మా బావ కూడా అత్త లాంటివాడే, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. చెల్లెల్ని అతనికి చేసుకొమ్మని నాయిన అడిగితే, పిల్ల రక్తం చూపించనిదే లగ్గం ముచ్చట తేవద్దన్నది అత్త. తన బిడ్డను అనుమానించిందని నాయిన రెండేళ్లు తన అక్క గడప తొక్కలేదు, చెల్లెల్ని పరీక్షకు పంపనూ లేదు. అత్త ఊరుకోక నన్ను తీసుకెళ్లి చూపించింది. నాకూ ఒకటి చెడ్డదే. తెలిసింది కాబట్టి నా పెళ్లి నేను చూసి చేసుకుంటాను. ఆ మేలు మరువలేను. చెల్లికి ఉందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక, చావు జరిగిన ఇంట్లో ఏడాదిలోపు శుభకార్యం కావాలని పెద్దలు కూర్చున్నారు. అక్క ఆత్మ శాంతిస్తుందని నాయినే ఆ పెళ్లి మాట ఎత్తాడు. ఉండబట్టలేక నా పరీక్ష సంగతి చెప్పి, చెల్లికీ చూపిద్దామన్నాను. నాయిన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నీకేమైంది? ఎద్దు లెక్క ఉన్నవ్ గదా."

అందరూ నవ్వారు. అత్త కూడా మొన్నటిదాకా అలాగే ఉన్నదని చెప్పబోయాను. అప్పటికే క్యాలెండర్ తెప్పించారు. అన్నీ తెలిసిన బావ నేల చూస్తూ కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ చెల్లి అతని వైపు ఒకసారి చూసి, చున్నీ సర్దుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయింది.